తుపాను ఘట్టమున భయశబ్దము

గౌతమి సముద్రమును గలియుచోటికి అనతిదూరమున నున్న యానాములో పునీత అన్నమ్మగారి దేవాలయము 1846లో పూర్తియైనది. అంతకు ఏడేండ్లు పూర్వము, 1839 నవంబరు 25వ తేదీని, పొరుగుననే యున్న కోరంగి రేవును సముద్రము ముంచివేసెను. 1789 డిసెంబరులోను అట్లే యొకమారు జరిగియుండెను. ఆ తొలి యుపద్రవమును చర్చించిన హెన్రీ పిడింగ్టనే 'సైక్లోను' అను మాటను కల్పించి 1848 నాటి తన నావిక గ్రంథమున నెక్కించెను. 1996 నవంబరు 6వ తేదీని కోనసీమను కూల్చిన గాలి ఆ వరుసలోనిదే. ఇట్టి తీరమున సువార్తలోని తుపాను ఘట్టమును చదువువానికి అది పరదేశపు కథగా దోపదు. విశ్వాసము భయమును బోగొట్టి ధైర్యము నిచ్చునని ఆ ఘట్టమునుబట్టి బోధకులు చెప్పుట పరిపాటి. మూలవచనము ఆ మాటను అంత సులభముగా జెప్పుచున్నదా, తెలుగు వచన మెంతవరకు జెప్పనిచ్చుచున్నదా యనునది విచార్యము.

ఈ ఘట్టము మత్తయి, మార్కు, లూకా సువార్తలయందు గలదు; యోహాను సువార్తయందు లేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజి యను లండను మిషనువారు ఆనందరాయరను బ్రాహ్మణుని సాహాయ్యమున తెలిగించినవియు, 1812లో సీరాంపూరున అచ్చుపడినవియు ఆ మూడే. నాటినుండి భాషాంతరీకరణము పెక్కుమార్లు సంస్కరింపబడినది. ఇచట విమర్శకు గైకొన్నది బైబిలు సొసైటీవారి వాడుక ప్రతి.

మొదట స్థలమును గూర్చి యొకమాట. గలిలయ నిజమునకు మంచినీటి సరస్సు; పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. గ్రీకున మార్కు, మత్తయి దానిని సముద్రమనిరి, లూకా సరస్సనెను. తెలుగువారు ఆ భేదమును నిలుపుట మెచ్చదగినదే. అయినను 'సముద్రము', 'తుపాను', 'దోనె' అను మూడుమాట లొకచో జేరినంతనే యానాము చదువరి యెదుట నిలుచునది కొలను గాదు, బంగాళాఖాతము. కోరంగి, తాళ్లరేవు ప్రాంతముల దోనె యనగా సరకులు మోయు తెరచాపల యోడ. మూలములోనిదో బెస్తవారి చిన్న పడవ. ఇట్లు తెలుగున అపాయము మూలముకన్న పెద్దదైనది. ఇది దోషమనుటకు వీలులేదు. ఆ శిష్యులలో కొందరు వలలు వేసి బ్రతికినవారే గదా. నీటి నెరిగినవారు భయపడిరనినచో అది పెద్దగాలియే యైయుండవలెను.

ఇక ముఖ్యవిషయము. మత్తయి సువార్తలో గురువు ముందు శిష్యులను మందలించి పిదప గాలిని గద్దించును. మార్కు, లూకా సువార్తలలో ముందు గాలి యణగును, మందలింపు తరువాత. లూకా ప్రశ్నలో భయమను మాటయే లేదు, విశ్వాసమును గూర్చియే యడుగును. మార్కు ప్రశ్నలోని గ్రీకు పదము 'దేయిలోస్', అనగా పిరికివాడు. నీరు నెమ్మదించిన పిమ్మట వారు మిక్కిలి భయపడిరని మార్కే మరల వ్రాయును. అచటి పదము 'ఫోబోస్'. మొదటిది ప్రాణభీతి, రెండవది తమ నడుమ గూర్చున్నవా డెవడో స్ఫురించినప్పటి వెరపు. గాలిలో గలిగిన భయముకన్న గాలి నిలిచినపుడు గలిగిన భయము పెద్దదని మార్కు అభిప్రాయము. తెలుగు ప్రతి రెండుచోట్లను 'భయపడు' ధాతువునే వాడినది. అందుచే, భయపడవద్దని విన్న వెంటనే వారు ఎక్కువ భయపడిరే, ఉపదేశము విఫలమాయెనేమో యని చదువరికి శంక గలుగును. ఆ శంకకు కారణము కథ గాదు, అనువాదము. తిమోతి రెండవ పత్రికలో ఈ వర్గపు పదమునకే 'పిరికితనము' అను చక్కని తెలుగుమాట పడినది. అది యిచట నేల పడకపోవలెను?

పోతనగారి గజేంద్రమోక్షమును ప్రక్కన నుంచి చూచిన ఈ ఘట్టపు విశేషము తేటపడును. అచట రక్షకుడు దూరమున నుండి యార్తనాదము విని పరుగెత్తివచ్చును. ఇచట రక్షకుడు దోనెలోనే యుండి నిద్రించుచున్నాడు. అచట భీతుని మొర స్తోత్రమై కొనియాడబడినది. ఇచట భీతుల మొర మందలింపబడినది. భేదము మొరలోనే యున్నది. గజేంద్రుడు సందేహించియు, తన బలము వమ్మైనదని యొప్పుకొని శరణు జొచ్చెను. మార్కు కథలోని శిష్యులు శరణు వేడలేదు. మేము చచ్చుచుండగా నీకు పట్టదాయని నిష్ఠురమాడిరి. మత్తయి ఆ నిష్ఠురమును ప్రార్థనగా మార్చెను. సాహిత్యదృష్టితో జూచిన మార్కుదే సహజము. మునుగువాని నోట నిష్ఠురమే ముందు వచ్చును.

ఇంకొక చిక్కు గలదు. భయానకమునకు స్థాయి భయము. అది స్త్రీనీచప్రకృతుల కుచితమని లాక్షణికుల మతము. వీరమునకును దానికిని విరోధము. ఉత్తమనాయకునికి భయము చెప్పరాదు. మరి గెత్సేమనే తోటలో, మరణమునకు ముందటి రాత్రి, నాయకుడే కలతపడినట్లు మార్కు వ్రాయును. అచటి గ్రీకు క్రియలో బెదరు స్పష్టముగా నున్నది. తెలుగు ప్రతి 'విభ్రాంతి', 'చింత' యను సంస్కృత పదములతో గడచిపోయినది. హెబ్రీపత్రికలో ఆయన మొరలను బేర్కొనుచోట 'భయభక్తులు' వచ్చెను. ఒంటి భయము రాలేదు. శిష్యులకు భయము, గురువునకు విభ్రాంతి! ఇది పండితుల సంస్కారము చేసిన పనియో, భక్తుల సంకోచము చేసిన పనియో గాని, దీనివలన నష్టము గలిగినది. వికారహేతువు లున్నను చలింపనివాడే ధీరుడని కాళిదాసు మతము. కలతపడియు, గిన్నె తొలగింపుమని వేడుకొనియు, పట్టుకొనవచ్చినవారికి ఎదురేగినవాడు మరియొక తెగ ధీరుడు. అతని బెదరును మరుగుపరచిన, అతని ధైర్యముయొక్క తూకము తెలియదు.

తెలుగు పలుకుబడి యీ విషయమున అనువాదకులకన్న ముందున్నది. శౌర్యము చూపుదురు, పరాక్రమము నెరపుదురు. ధైర్యమును మాత్రము 'తెచ్చుకొందురు'. లేనిదానినే గదా తెచ్చుకొనవలసినది. శిష్యులు నీటిపై నడచువానిని జూచి కేకలు వేసిన వేరొక రాత్రి ఘట్టమున తెలుగు ప్రతి యీ పలుకుబడినే వాడినది. అచట వాక్యమున కెంతో జీవము వచ్చినది. తుపాను ఘట్టమున ప్రశ్నలోని భయమును పిరికితనముగా దిద్ది, చివరనున్న భయమును అట్లే యుంచినచో, అచటను అంతటి జీవము వచ్చును.

ఆ చివరి భయమును తీసివేయుటకు మాత్రము వీలులేదు. మార్కు సువార్తయొక్క మిక్కిలి ప్రాచీనములైన వ్రాతప్రతులు పదునారవ అధ్యాయపు ఎనిమిదవ వచనముతో ముగియును. అచట సమాధియొద్దనుండి పారిపోయిన స్త్రీలు ఎవరితోను ఏమియు చెప్పరైరి. ఆ వాక్యమునకు కారణముగా వ్రాయబడిన గ్రీకు క్రియ ఫోబోస్ సంబంధమైనదే.