క్రోనో ట్రిగ్గర్: కిందివాళ్లకు పాత్ర ఏది?

మొన్న సెలవుల్లో సిర్గాపూర్ పోయినప్పుడు మా అన్న కొడుకు ఫోన్‌లో 'క్రోనో ట్రిగ్గర్' ఆడుతున్నడు. నేను దీన్ని విశ్వవిద్యాలయ హాస్టల్‌లో, తోటి విద్యార్థి కంప్యూటర్ మీద ఆడిన. ఆడేవాడే పాత్రధారిగా మారి కథ నడిపించే ఆటల్లో దీన్ని క్లాసిక్ అంటరు. జపాన్‌కు చెందిన స్క్వేర్ కంపెనీ 1995లో తెచ్చింది. లోకాన్ని నాశనం చేసే లావోస్ అనే జీవిని ఆపడానికి కొందరు కాలంలో వెనక్కూ ముందుకూ ప్రయాణించడం కథ.

నా పట్టింపు క్రీ.పూ. 12,000 నాటి జీల్ రాజ్యంతో. మంత్రవిద్య ఉన్నవాళ్లు అక్కడ 'ఎన్‌లైటెన్డ్ వన్స్', అంటే జ్ఞానులు. ఎండ కాసే ఆకాశ ద్వీపాలు వాళ్లవి. విద్య లేనివాళ్లు 'ఎర్త్‌బౌండ్ వన్స్', నేలకు కట్టుబడ్డవాళ్లు. వాళ్లకు మంచు నేల, అల్గెట్టి గుహ. రాణి సముద్రం అడుగున కట్టించే కోటకు వెట్టి వీళ్లదే. ఊరూ వాడా ఎరిగినవాళ్లకు ఈ పటాన్ని విడమరచి చెప్పే పని లేదు. జపాన్‌లోనూ అంటరానితనం అనుభవించిన బురాకు జనం ఉన్నరు. వాళ్లను తలచుకొనే ఇది రాశారని మాత్రం నేననను.

ఆట జీల్ పక్షం కాదు. ఆ రాజ్యం కూలుతది, పైవాళ్లు కిందికొచ్చి కిందివాళ్ల నడుమనే బతుకుతరు. పైగా తెలిసో తెలియకో ఆట ఒక నిజం బయటపెట్టింది. మామూలు ఇంటి పిల్లగాడు క్రోనోకు మంత్రం ఎట్లొస్తది? స్పెక్కియో అనేవాడి గదిలో గోడ వెంబడి మూడు చుట్లు తిరిగితే వస్తది! మూడు చుట్లతో వచ్చే విద్య అల్గెట్టి జనానికి ఎందుకు రాలేదు? రాకపోవడం కాదు, ఇచ్చినోడు లేడు.

మావాడు అడిగిండు: "కాకా, గీ గుహలోల్లను మనం ఆడరాదా?" రాదు. ఆడదగ్గ పాత్రలు ఏడు. అందులో రాకుమారి ఉంది, వీరుడున్నడు, తెగ నాయకురాలుంది, మరమనిషి కూడా ఉన్నడు. జీల్ కాలం నుంచి చేరేది మేగస్ ఒక్కడే. వాడు ఎవరో కాదు, రాణి కొడుకే. కిందివాళ్లు కనిపిస్తరు, మాట్లాడుతరు, జాలి పుట్టిస్తరు. కథ మాత్రం వాళ్ల చేతిలో లేదు. అదే 1995లో మన దగ్గర 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చింది. అందులో వెలివాడ తన గొంతుతో తనే మాట్లాడింది.

తర్వాత ఈ ఆట ఎన్నిసార్లు వచ్చిందో! 1999లో ప్లేస్టేషన్ మీదికి బొమ్మల సినిమా ముక్కలతో వచ్చింది. 2008లో నింటెండో డీఎస్ మీదికి, 2011లో ఫోన్‌లోకి, 2018లో స్టీమ్‌లోకి వచ్చింది. స్టీమ్ కూర్పులో అక్షరాలూ బొమ్మలూ బాగాలేవని ఆటగాళ్లు గోల చేస్తే అదే ఏడాది దిద్దారు. దిద్దలేక కాదన్నమాట. 2008 కూర్పులో కొత్త కథా చేర్చారు. బల్లిజాతికి ఒక ఊరు దొరికింది. కొత్త ముగింపు కూడా కలిపారు. అది ఎవరి గురించి? జీల్ రాకుమారి షాలా గురించి.