'లోడ్ రన్నర్' క్యాసెట్: సేకరణ, విలువ నిర్ణయం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాత వీడియో గేములకు నేటి సేకర్తల విపణి కడుతున్న విలువ సీలు, పెట్టె, అరుదుదనం అనే మూడింటిపై ఆధారపడి ఉంది. 'లోడ్ రన్నర్' అనే చిక్కుముడి ఆటను ఆధారంగా చేసుకొని, ఈ కొలమానం తెలుగు ప్రాంతానికి ఎందుకు చాలదో, ఇక్కడి నకలు క్యాసెట్లను ఏ ప్రమాణాలతో సేకరించాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, క్యాసెట్, సేకరణ, ప్రతి, పాఠాంతరం, మోర్తాడ్, పసుపు.

1. ఉపోద్ఘాతం:
నిజామాబాద్ జిల్లా మోర్తాడ్ పసుపుకు పేరుపొందిన ప్రాంతం. రైతు దుంపను తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి మార్కెట్‌కు తెస్తాడు. ఖరీదుదారు రాశిలోంచి ఒక కొమ్ము తీసి విరుస్తాడు. పైమెరుపు పాలిష్‌తోనూ వస్తుంది. లోపలి రంగు, గట్టితనం మాత్రం విరిస్తేనే తెలుస్తాయి.

పాత వీడియో గేముల విపణి తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. 2021 జులైలో అమెరికాలోని హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో సీలు విప్పని 'సూపర్ మారియో 64' ప్రతి ఒకటి 15.6 లక్షల డాలర్లు పలికింది. దాని స్థితికి అంకెల్లో శ్రేణి నిర్ణయించి, పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో బిగించారు. విప్పితే ఆ ధర నిలవదు. ఆ ప్రతిని ఎవరూ ఆడకపోవడమే దాని విలువకు ఆధారమన్నమాట. ఆటను ఆట కాకుండా చేసి విలువ కట్టడం ఎంతవరకు సమంజసమన్నది ఇక్కడి ప్రశ్న.

2. ఆట నిర్మాణం:
భారత కాపీరైట్ చట్టం (1957) 'సాహిత్య కృతి' నిర్వచనంలో కంప్యూటర్ ప్రోగ్రాములను కూడా చేర్చింది. చట్టం ఇచ్చిన ఆ స్థానాన్ని విమర్శ కూడా పట్టించుకోవడం సముచితం.

డగ్లస్ స్మిత్ రూపొందించిన 'లోడ్ రన్నర్'ను బ్రోడర్‌బండ్ సంస్థ 1983లో 150 అంకాలతో విడుదల చేసింది. 1984లో జపాన్‌కు చెందిన హడ్సన్ సంస్థ దానిని 50 అంకాలతో నింటెండో ఫ్యామిలీ కంప్యూటర్‌కు తెచ్చింది. ఇందులోని మనిషి దూకలేడు, కొట్టలేడు. తనకు ఎడమవైపో కుడివైపో ఉన్న ఇటుకలో గుంత తవ్వగలడు, అంతే. కొంతసేపటికి ఆ గుంత దానంతటదే పూడుతుంది. కావలివాళ్లను తప్పించుకుంటూ బంగారమంతా ఏరుకుంటే, పైకి వెళ్లే నిచ్చెన కనిపిస్తుంది.

తన కాళ్లకింద తవ్వుకోలేకపోవడమే ఈ ఆటకు ప్రాణం. మూడు వరుసల ఇటుకల కింద బంగారం ఉంటే పై వరుసలో మూడు, మధ్య వరుసలో రెండు, కింది వరుసలో ఒకటి తవ్వాలి. అంటే అట్టడుగున జరగాల్సిన పనిని బట్టి మొదటి గుంతల లెక్క నిర్ణయమవుతుంది. సమస్యాపూరణంలో పృచ్ఛకుడిచ్చిన చివరి పాదాన్ని బట్టి అవధాని పై పాదాలను కూర్చుకునే పద్ధతికి ఇది దగ్గరగా ఉంది. పూడిపోయే గుంత ఆ ఆలోచనకు గడువు విధిస్తుంది. ఈ గుణం ఆడినప్పుడే అనుభవానికి వస్తుంది. పెట్టెను చూసి దీనిని గ్రహించలేం.

3. నకలు క్యాసెట్ – పాఠాంతరం:
భారతీయ ఇళ్లకు నింటెండో అసలు యంత్రం కంటే 'లిటిల్ మాస్టర్' వంటి అనుకరణ యంత్రాలే ఎక్కువగా చేరాయి. వాటితో వచ్చిన 'వీడియో గేమ్ క్యాసెట్'లలో పదులకొద్దీ ఆటలుండేవి. కొన్నింటిపై వేల సంఖ్యలు కూడా అచ్చయ్యేవి. అవే ఆటలు వేర్వేరు పేర్లతో, వేర్వేరు అంకాలతో పట్టికలో మళ్లీమళ్లీ వచ్చేవి. 'లోడ్ రన్నర్' ఇటువంటి క్యాసెట్లలో తరచుగా కనిపించే ఆట. మోర్తాడ్ వంటి గల్ఫ్ వలస ప్రాంతాల్లో విదేశీ ఎలక్ట్రానిక్ వస్తువులు ఇళ్లకు చేరే దారి మరొకటి కూడా ఉంది.

సేకర్తల విపణి ఈ క్యాసెట్లను నకిలీలుగా లెక్కించి దాదాపు విలువలేనివిగా చూస్తుంది. హక్కుదారుకు జరిగిన నష్టం దృష్ట్యా ఆ మాట నిజమే. కాని ఒక తరం తెలుగు పిల్లలు ఆడిన పాఠం ఇదే. సి. పి. బ్రౌన్ తెలుగు కావ్యాల తాళపత్ర ప్రతులను సేకరించినప్పుడు లేఖకుల తప్పులున్న ప్రతులనూ చేర్చుకొని, వాటిని పోల్చి చూసి శుద్ధప్రతులు రాయించాడు. తప్పుల ప్రతి కూడా కృతి ఏ చేతుల మీదుగా నడిచిందో చెబుతుంది. క్యాసెట్ పట్టికలో మారిన ఆట పేరును, తొలగించిన సంస్థ పేరును పాఠాంతరాలుగా చదవవచ్చు.

4. సేకరణ ప్రమాణాలు:
వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు విపణిలో దొరకవు. అసలు ఆటల పరిస్థితే ఇలా ఉంటే, ఏ సంస్థా తనదని చెప్పుకోని నకలు క్యాసెట్‌ను కాపాడేదెవరు? వీటిలో చాలావాటి చిప్పు నల్లని జిగురు బొట్టు కింద ఉంటుంది. అది పాడైతే బాగుచేయడం దాదాపు అసాధ్యం.

కనుక ఇక్కడి సేకరణకు మూడు ప్రమాణాలు అవసరం. మొదటిది, చిప్పులోని దత్తాంశాన్ని నకలు తీసి భద్రపరచడం. రెండవది, ఆటల పట్టికను ఉన్నది ఉన్నట్టు నమోదు చేయడం. మూడవది, ఎక్కడ కొన్నారో, ఎవరు ఆడారో, ఆటను ఏ పేరుతో పిలిచారో అడిగి రాసుకోవడం. ఈ మూడవది అన్నింటికన్నా త్వరగా పోయేది. యజమాని జ్ఞాపకానికి నకలు తీసే యంత్రం లేదు.

సీలు ప్రతికి విలువే లేదనడం కూడా సరికాదు. పెట్టె మీది బొమ్మ, ముద్రణ చరిత్రకు ఆధారాలే. ఖరీదుదారు సైతం రాశి మొత్తాన్ని విరవడు, ఒకటి రెండు కొమ్ములతో సరిపెడతాడు. ఒకే క్యాసెట్‌కు రెండు ప్రతులు దొరికితే ఒకటి విప్పి పరిశీలించి, రెండవది అలాగే ఉంచడం సేకర్తకు తగిన నియమం. ఉన్నది ఒక్కటే అయితే పరిశీలనకే ప్రాధాన్యం ఇవ్వాలి.

5. ముగింపు:
'లోడ్ రన్నర్'లో బంగారం కొనుగోలుకు పనికిరాదు, నిచ్చెన తెరుచుకోవడానికి పనికొస్తుంది. సేకరణకూ ఇదే ప్రయోజనం వర్తిస్తుంది. కూడబెట్టినది తర్వాతివారికి కృతిలోకి దారి చూపాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు జానపద క్రీడలను, పొడుపుకథలను సేకరించిన పద్ధతి ఇప్పటికే సిద్ధంగా ఉంది. ఆ పద్ధతిని ఈ క్యాసెట్లకు వర్తింపజేయడానికి పెద్ద ధనం అవసరం లేదు. పాత సామాన్ల కింద తీసేసేలోగా ఒక్కొక్క క్యాసెట్‌ను అడిగి తీసుకొని, విప్పి, చదవడం చాలు.