మూడు పిన్నుల పనితనం
కచేరీలో మృదంగం తొప్పి గుమ్మని పలికిందంటే, విద్వాంసుడితో పాటు మైకు కేబుల్‌కు టంకం వేసినవాడికీ దండం పెట్టాలి. ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్‌లో ఒకటో పిన్ను షీల్డ్‌కి, రెండోది హాట్‌కి, మూడోది కోల్డ్‌కి. దారిలో చొరబడే రొద రెండు తీగల్లోనూ ఒకేలా ఉంటుంది. మిక్సర్ వాటి మధ్య తేడానే తీసుకుంటుంది కాబట్టి రొద పోయి పాట మిగులుతుంది. పూర్వం కొన్ని కంపెనీలు మూడోదాన్ని హాట్‌గా పెట్టేవి. 1992లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ (ఏఈఎస్) ప్రమాణం రెండో పిన్నునే హాట్‌గా ఖాయం చేసింది.

ఈ హాట్, కోల్డ్ తీగలు తారుమారైతే ఒక్క మైకుతో పట్టుకోవడం కష్టం. అదే వాద్యానికి ఇంకో మైకు కలపగానే బేస్ చప్పబడిపోతుంది! అందుకే నిఖార్సైన పనివాడు టంకం చల్లారాక మీటర్ పెట్టి, ఈ కొన నుంచి ఆ కొనకు ఒక్కో పిన్నూ సరిచూస్తాడు. ఆ ఓపికంటే నాకెంతో గౌరవం. అలాంటివాడు దొరికితే కూలి దగ్గర బేరమాడకండి.