మేస్త్రిలో త, మాస్టారులో ట

మంత్రాలయం గురువుగారి ఊరు. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన తుంగభద్ర ఒడ్డున 'గురువు' అనే మాటకు బరువెక్కువ. అసలు ఆ మాటకు అర్థమే బరువు. లాటిన్‌లో బరువును చెప్పే 'గ్రావిస్' దానికి దాయాది. కానీ లాటిన్‌వాళ్లు చదువు చెప్పే ఆయన్ను పిలిచింది 'మగిస్టర్' అని. 'మగిస్' అంటే ఎక్కువ. మగిస్టర్ అంటే పైవాడు.

ఆ మగిస్టర్ ఈ గురువుగారి ఊళ్లో వేషం మార్చి తిరుగుతున్నాడు. గోడ కట్టే బేల్దారి మేస్త్రి ఆయనే. మంత్రాలయం రోడ్డు రైల్వే స్టేషన్లో రైలుకు జెండా ఊపే స్టేషన్ మాస్టరూ ఆయనే. బడిలో మాస్టారు, కోర్టులో మేజిస్ట్రేటు ఆ వంశంవాళ్లే.

ఎవరు ఏ దారిన వచ్చారో తెలుగు చెవి ఒక్క అక్షరంతో పట్టి ఉంచింది. 1498 తర్వాత ఓడల్లో వచ్చిన పోర్చుగీసువాళ్ల నోట మగిస్టర్ నడిమి 'గ' అరిగిపోయి 'మెస్త్రె' అయింది. వాళ్ల 'త' పళ్లకు తగిలి పలుకుతుంది. అందుకే మనకు మేస్త్రి. ఇంగ్లీషువాళ్ల 'ట' మన చెవికి నాలుక మడిచి పలికే మూర్ధన్యంగా వినిపించింది. అందుకే మాస్టరు, మేజిస్ట్రేటు. అనుమానముంటే తువ్వాలు, టవలు పక్కపక్కన పెట్టి చూడండి. బొత్తాము, బటను కూడా అంతే. మొదటిది పోర్చుగీసు, రెండోది ఇంగ్లీషు.

రాఘవేంద్రస్వామి దర్శనానికి వచ్చే కన్నడ భక్తుల దగ్గరా ఇదే లెక్క. పని చేయించేవాడు మేస్త్రి, పాఠం చెప్పేవాడు మేష్ట్రు. హిందీ మిస్త్రీలోనూ 'త'యే. తెలుగు కూలీలు బర్మాకు వలసపోయిన రోజుల్లో వాళ్లను కూడగట్టి ఓడ ఎక్కించినవాడూ మేస్త్రే.

నాకు అన్నిటికన్నా ముచ్చటైన పనితనం 'మాస్టారు'లో కనిపిస్తుంది. మాస్టరులో 'ట'కు దీర్ఘమిచ్చారు, అంతే. వారు, గారు అనే మాటల్లోని మన్నన వచ్చి అందులో కూర్చుంది. మేస్త్రికైతే 'గారు' విడిగా తగిలించాలి.

తగిలించడం న్యాయం కూడా. మగిస్టర్‌కు జోడుగా లాటిన్‌లో 'మినిస్టర్' అనే మాట ఉంది. 'మినుస్' అంటే తక్కువ. మినిస్టర్ అంటే చేతికింద పనివాడు, సేవకుడు. పుట్టుక ప్రకారం మినిస్టరుగారికన్నా మన బేల్దారి మేస్త్రే పెద్ద.