మాటిసు–పికాసోల జంట ప్రదర్శనములు: తులనకు ప్రమాణమేమి?

రెండు చిత్రములను ఒకే గోడమీద ప్రక్కప్రక్కన నిలుపుట కేవలము అలంకారమునకు సంబంధించిన పని కాదు. అది యొక విమర్శవాక్యము. అయితే ఆ వాక్యమున క్రియాపదము కనబడదు. 'దీనిని చూచి దానిని చూడుము' అని మాత్రమే అది పలుకును. 'ఇది దానివలన పుట్టినది' అనియో, 'దానికంటె ఇది మేలు' అనియో, 'ఇవి ఒకే ప్రశ్నకు రెండు సమాధానములు' అనియో పూరించుకొనవలసినవాడు ప్రేక్షకుడే. పూరణమున ఇంత స్వేచ్ఛ యుండుటచేతనే జంట ప్రదర్శనము మనస్సు నాకర్షించును. ప్రమాదమును అందులోనే యున్నది. ఇద్దఱు కవుల పేర్లను ఒక శీర్షికలో చేర్చి 'తులనాత్మక పరిశీలనము' అని వ్రాయు మనకును ఇదే చిక్కు కలదు. కావున చిత్రకళారంగమున ఈ పని యెట్లు జరిగినదో పరిశీలించుట సాహిత్యవిద్యార్థికి పరాయి విషయము కాదని మా తలపు.

ఆధునిక చిత్రకారులలో ఇట్లు జంటగా నిలుపబడినవారియందు ఆన్రి మాటిసు (1869–1954), పాబ్లో పికాసో (1881–1973) మిక్కిలి ప్రసిద్ధులు. ఈ యిద్దఱిని కూర్చిన ప్రదర్శనములు పెక్కు జరిగినవి. వానిలో మూడింటిని మాత్రము ఇచట గైకొందుము: 1918లో పారిసున జరిగినది, 1945 డిసెంబరులో లండనున ఆరంభమైనది, 2002–2003 సంవత్సరములలో లండను, పారిసు, న్యూయార్కు నగరములలో వరుసగా సాగినది. వీనిని మేము కన్నులార చూచినవారము కాము. చరిత్రగ్రంథములద్వారమునను, ముద్రిత ప్రతికృతులద్వారమునను మాత్రమే ఎఱుగుదుము. ఈ లోపమును ముందే చెప్పుటకు కారణ మొకటి కలదు. అది క్రమముగా తేటపడగలదు.

1918 జనవరి, ఫిబ్రవరి మాసములలో పాల్ గియోం అను వర్తకుడు పారిసులోని తన చిత్రశాలలో మాటిసు, పికాసోల చిత్రములను కలిపి ప్రదర్శించెను. మొదటి ప్రపంచయుద్ధ మింకను ముగియలేదు. పీఠిక వ్రాసినవాడు కవి అపొలినేర్. అప్పటికే ఆ రెండు పేర్లు నవ్యచిత్రకళకు రెండు ధ్రువములుగా పరిగణింపబడుచుండెను. ఒకడు వర్ణమునకు, వేఱొకడు రూపమునకు అధిపతి యను సులభసూత్రము నాటి జనులకు తెలిసినదే. ఒక పేరుకు రెండవ పేరు తోడై ప్రేక్షకులను రప్పించును. ఇది వర్తకుని జంట. ఇందు దోషమేమియు లేదు గాని, ఈ జంటకు ప్రమాణము చిత్రములలోనిది కాదు, చిత్రకారుల కీర్తిలోనిది.

కీర్తి నాధారముగా గొన్న జంటకు వెంటనే కథలు చేరును. పికాసో, మాటిసులకు 1906లో పరిచయమైనది. పారిసున నివసించిన అమెరికా దేశస్థులు స్టెయిన్ సోదరీసోదరుల యింట ఇరువురి చిత్రములును గోడల నిండ నుండెను. 1907లో ఇరువురును తమ చిత్రములను ఒకదాని కొకటిగా మార్చుకొనిరి. మాటిసు తన కుమార్తె మార్గరీతును చిత్రించిన పటమును పికాసో గైకొనెను. కూజా, గిన్నె, నిమ్మపండు గల పికాసో పటమును మాటిసు గైకొనెను. ఎదుటివాని పనిలో బలహీనమైనదానినే ఏఱి పుచ్చుకొనిరని గెర్‌ట్రూడ్ స్టెయిన్ 1933లో వెలువడిన తన గ్రంథమున వ్రాసినది. కథ రుచికరముగా నున్నది. కాని పికాసో ఆ మార్గరీతు పటమును జీవితాంతము తన యొద్దనే యుంచుకొనెను. ఇప్పుడది పారిసులోని పికాసో మ్యూజియమునకు చెందియున్నది. ఆ పటమును తేఱిపార చూచినచో హేతువు స్పష్టమగును. ముఖము చదునుగా నున్నది. ముక్కు ప్రక్కనుండి చూచినట్లును, కన్నులు ఎదుటనుండి చూచినట్లును ఉన్నవి. పేరు పైభాగమున బాలుని చేతివ్రాతవలె వ్రాయబడినది. అభ్యాసము మరుగునపఱచి శిశువు రేఖను తెచ్చుకొనుట యెట్లన్నది నాటి పికాసోకు ప్రాణసమానమైన ప్రశ్న. ఎదుటివాని దౌర్బల్యము కాదు, తనకు కావలసిన పాఠమునే అతడు ఎంచుకొనెను.

ఇచట మన శ్రీనాథ పోతనల స్మృతి రాక మానదు. వారిరువురును బావమఱదులనియు, ఒకడు రాజాస్థానమునకు, ఒకడు హలమునకు ప్రతినిధులనియు చెప్పు కథలు ఎంత ప్రచారమున నున్నవో, వానికి చారిత్రకాధారము అంత తక్కువ. అయినను, నైషధమును భాగవతమును సరిపోల్చు వ్యాసములు పలుమారు ఆ కథ వేసిన రంగస్థలముమీదనే నడచుచున్నవి. పద్యమును చదువకముందే పద్యకర్తలకు పాత్రలు పంచిపెట్టబడుచున్నవి. స్టెయిన్ చెప్పిన కథయు అట్టిదే. కథ వినోదమునకు పనికివచ్చును. తులనకు పునాది కాజాలదు.

రెండవ ప్రదర్శనము వేఱొక దోషమును చూపును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన యేడు డిసెంబరులో లండను నగరమందలి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమున పికాసో, మాటిసుల చిత్రములు ప్రదర్శింపబడినవి. జనము విరగబడి వచ్చిరి. పత్రికలకు నిరసనలేఖలును విరివిగా వెళ్లినవి. ఆ నిరసన ముఖ్యముగా పికాసోపై గురిపెట్టబడినది. దీనికి హేతువు అభిరుచిభేద మొక్కటే కాదు. పికాసో పక్షమున నిలిచినవి యుద్ధకాలపు చిత్రములు. ఆక్రమిత పారిసులో చిత్రింపబడిన కఠోరరూపములు. మాటిసు పక్షమున నిలిచినవి 1896 నుండి వచ్చిన చిత్రములు. అనగా దాదాపు అర్ధశతాబ్దపు పని. ఒకనినుండి ఐదాఱేండ్ల వేదనను, వేఱొకనినుండి ఒక జీవితకాలపు పరిపాకమును తెచ్చి ఎదురెదురుగా నిలిపినచో తేలునది ఏమి? ఒకడు క్రూరుడు, ఒకడు ప్రసన్నుడు అను తీర్పే. ఆ తీర్పు చిత్రకారులది కాదు, ఎన్నికది. ఒక గది, దానిలో ఒకవైపు తన చిత్రములు, మఱొకవైపు పికాసో చిత్రములు – ఈ దృశ్యమును ఊహించుకొని మాటిసు ముందుగానే కలతజెందెను. ఒక కవి యౌవనకృతిని వేఱొక కవి ప్రౌఢకృతితో తూచువారు ఈ ప్రదర్శనమును జ్ఞాపకముంచుకొనుట మేలు.

మూడవది 2002 మే మాసమున లండనులోని టేట్ మోడర్న్‌లో ఆరంభమై, పారిసులోని గ్రాన్ పాలేకు, అటుపిమ్మట 2003లో న్యూయార్కు ఆధునిక కళాసంగ్రహాలయమునకు సాగినది. దీనిని కూర్చినవారు ఆర్గురు; నగరమున కిద్దఱు చొప్పున పనిచేసిరి. వీరు గదిని రెండుగా చీల్చి ఒక గోడ ఒకనికి, ఒక గోడ మఱొకనికి ఈయలేదు. ఇరువురి చిత్రములను చిన్నచిన్న గుంపులుగా కలిపి నిలిపిరి. ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క ప్రశ్న. జంటకు ప్రమాణము కీర్తినుండి చిత్రమునకు దిగివచ్చినది. ఈ పద్ధతి ఫలము నెఱుగుటకు ఒక జంటను పరిశీలింతము.

మాటిసు 'బంగారుచేపలు, రంగుల పలక' అను చిత్రమును 1914–15లో చిత్రించెను. పికాసో 'హార్లెక్విన్' 1915 నాటిది. నేడు రెండును న్యూయార్కు సంగ్రహాలయమునందే కలవు. మొదటిదానిలో కిటికీయొద్ద బల్లపై గాజుపాత్ర, అందు ఎఱ్ఱని చేపలు. చిత్రము నడుమ పైనుండి క్రిందికి వెడల్పయిన నల్లని పట్టీ దిగుచున్నది. కుడివైపున చిత్రకారు డుండవలసిన చోట కోణములును రేఖలును తప్ప మనిషి లేడు. తెల్లని పలక, దాని రంధ్రమున దూర్చిన బొటనవ్రేలు మాత్రము మిగిలినవి. రెండవదానిలో నల్లని నేపథ్యముపై వాలిన పలకలవంటి ఆకారములు. వానిలో నొకదానిపై గళ్లబట్ట. పైన చిన్న తల, పండ్లిగిలించిన నవ్వు. హార్లెక్విన్ అనగా ఇటలీ దేశపు వీథిప్రహసనములలోని హాస్యపాత్ర. పికాసో తొలినాళ్లనుండి తనకు మాఱుగా చిత్రించుకొన్న వేషము. అతని చేతియొద్ద పూర్తిగా రంగు నింపని తెల్లని చతురస్రాకార మొకటి కలదు.

హార్లెక్వినును ఒంటరిగా చూచినవానికి ఆ తెల్లని భాగము చిత్రకారుడు ముగింపక విడిచిన చోటుగా తోచవచ్చును. మాటిసు చిత్రమును చూచి దీనికి మరలినచో, బొటనవ్రేలు దూర్చిన పలక కన్నులలో మెదలుచుండగా, ఈ తెలుపు చిత్రింపబడనున్న పటముగా మాఱును. అప్పుడు రెండు చిత్రములును చిత్రకారుడు తన్నుతాను దాచుకొనిన చిత్రములే యని తెలియును. ఒకడు తన పనిముట్టులో కరగిపోయెను; మఱొకడు వేషమునందు చొచ్చెను. తన చేపల పటమే పికాసోను ఈ పటమునకు నడపినదని మాటిసు తలచెను. ఆ మాట యథార్థమైనను కాకున్నను, జంట యిచ్చిన ఈ దర్శనము నిలుచును. ఏ చిత్రములోను విడిగా కనబడని యొక అర్థము రెంటి నడుమ పుట్టినది. సఫలమైన తులనకు లక్షణ మిదియే.

అయితే ఈ జంట దాచినదియు కొంత కలదు. మొదటిది పరిమాణము. మాటిసు చిత్రపు ఎత్తు సుమారు 146 సెంటీమీటర్లు. పికాసోది సుమారు 183. గదిలో హార్లెక్విన్ నిలువెత్తు మనిషియై ఎదురువచ్చును. మా యెదుటి పుస్తకమున రెండును సమానమైన పుటలలో సమానముగా ముద్రింపబడినవి. ముద్రణము సరిసమానము చేసిన వస్తువులను పోల్చుట మావంటివారికి ఎంత సులభమో, అంత మోసకరము. పద్యములను సంకలనగ్రంథమునుండి ఏఱి పోల్చువారికిని ఈ హెచ్చరిక వర్తించును: ప్రబంధమున దాని స్థానమెంత, అది ఏ కథాఘట్టమున ఎంత బరువు మోయుచున్నది అను కొలత ఉదాహరణములో నశించును.

రెండవది నలుపు. రెండింటను నలుపు కలదు. కాని ఆ రెండును ఒకటి కావు. మాటిసు నలుపును కాంతిని పలికింపగల వర్ణముగా వాడుకొనెను. అతని పట్టీకి ఇరువైపుల నీలము వెలుగుచున్నది. హార్లెక్విన్ చిత్రించు దినములలో పికాసో ప్రియురాలు ఎవా వ్యాధిగ్రస్తయై యుండెను. 1915 డిసెంబరులో మరణించెను. ఆ నలుపులో శోకమును చూచుట న్యాయమే. జంట మాత్రము 'నలుపు' అను సామ్యమును ముందునకు తెచ్చి, నలుపులలోని భేదమును వెనుకకు నెట్టును. సామ్యము కంటికి వెంటనే తగులును. భేదము నిలిచి చూచినవానికే దొరకును.

మూడవది మిక్కిలి ముఖ్యము. జంట యనగా ఇద్దఱే. మూడవవానికి చోటు లేదు. 1914లో మాటిసు కొలియూర్ అను సముద్రతీరగ్రామమున నున్నపుడు క్యూబిస్టు చిత్రకారుడు హువాన్ గ్రీ అచటనే యుండెను. ఇరువురును చిత్రకళను గూర్చి విరివిగా చర్చించుకొనిరి. చేపల పటములోని కఠినమైన నిలువుకూర్పునకు వెనుక పికాసోతోబాటు గ్రీ కూడ నున్నాడని చెప్పుట సమంజసము. ఇక క్యూబిజమును యుద్ధమునకు పూర్వము పికాసోతో సమానముగా నిర్మించినవాడు బ్రాక్. పికాసోను మాటిసు ప్రక్కన నిలిపిన ప్రతి గదిలోను బ్రాక్ నిలుచుచోటు మూసికొనిపోవును. న్యూయార్కు సంగ్రహాలయమే 1989లో పికాసో, బ్రాక్‌ల జంట ప్రదర్శనమును జరపినది. ఆ గదిలోని పికాసోయు, మాటిసు గదిలోని పికాసోయు ఒకే మనిషి అయినను ఒకే చిత్రకారుడు కాడు. ఎవని ప్రక్కన నిలిపితిమో వానినిబట్టి అతని ముఖము మాఱుచున్నది.

ఇంతమాత్రమున జంటలన్నియు కృత్రిమము లనరాదు. కొన్ని జంటలు విమర్శకుడు కల్పించినవి కావు, కళాకారులే జీవించినవి. మాటిసు 1954 నవంబరు 3న మరణించెను. ఆ డిసెంబరులో పికాసో, డెలాక్రువా 1834లో చిత్రించిన 'అల్జీర్సు స్త్రీలు' అను చిత్రమును గైకొని తన చిత్రముల నారంభించెను. 1955 ఫిబ్రవరి మధ్యకు 15 చిత్రములు పూర్తియైనవి. అంతఃపురస్త్రీల రూపములు అంతవరకు మాటిసు సొత్తు. వానిని మాటిసు తనకు వారసత్వముగా విడిచిపోయెనని పికాసో స్వయముగా చెప్పుకొనెను. జంటలో ఒకడు లేడు. అయినను సంభాషణ నిలువలేదు. ఇట్టిచోట విమర్శకుని జంట కల్పన కాదు, సాక్ష్యము.

కావున తులనకు పూనుకొనువారు మూడు ప్రశ్నలను తమ్ముతాము అడుగుకొనవలెను. ఈ జంటకు ఆధారము కృతులలో నున్నదా, కర్తల కీర్తిలోను కథలలోను ఉన్నదా? తక్కెడ రెండు పళ్లెములలోను సమానదశకు చెందిన కృతులను ఉంచితిమా? ఈ జంటచేత మరుగుపడిన మూడవవాడెవడు? మొదటి ప్రశ్న అడుగనిచో 1918 నాటి వర్తకుని పని చేసినవార మగుదుము. రెండవది అడుగనిచో 1945 నాటి అన్యాయమును మరల చేయుదుము. మూడవది 2002 నాటి ఉత్తమప్రదర్శనమునకును పూర్తిగా లొంగని ప్రశ్న. దానికి సమాధానము ఒక్క గదిలో దొరకదు.

ఈ మూడింటికి పైన తుదిపరీక్ష యొకటి కలదు. ప్రదర్శనము ముగిసినపిమ్మట చిత్రములు తమతమ స్థానములకు మరలిపోవును. అప్పుడు ప్రతి చిత్రమును తన గోడమీద ఒంటరిగా, మునుపటికంటె నిండుగా నిలువగలిగినచో ఆ జంట సార్థకము. తోడు లేక వెలవెలబోయినచో ఆ వెలుగు చిత్రములది కాదు, కూర్చినవానిది. మన పరిశోధనవ్యాసములకును ఇదే కొలత. వ్యాసమును మూసి పాఠకుడు ఇద్దఱు కవులలో ఒకని కావ్యమును తెఱచినపుడు, ఆ కావ్యము అతనికి మునుపు వినబడని స్వరమున పలుకవలెను. అట్లు పలుకనిచో మనము నింపిన సామ్యభేదముల పట్టికలు ఎంత దీర్ఘములైనను, అవి తులన కాజాలవు.