అంచు తెల్లగా మిగిలిన పేజీలు

పాత బైబిలును మూసి, పక్కనుంచి చూస్తే చాలు, ఆ ఇంటివాళ్లు ఏం చదివారో తెలిసిపోతుంది. నాచారంలోని మా ఇంట్లో నాయన కొన్న బైబిలు ఒకటుంది. ఆదికాండము, నిర్గమకాండము ఉన్నచోట అంచులు వేళ్ల మురికితో మట్టిరంగు తిరిగాయి. కీర్తనల దగ్గర నల్లబడ్డాయి. నాలుగు సువార్తలూ అంతే. లేవీయకాండము దగ్గర మాత్రం అంచు నిన్న కొన్న పుస్తకంలా తెల్లగా ఉండేది. ఆ తెలుపు గురించే ఈ వ్యాసం.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన ముగిసి, చేతిలో వాగ్దాన కార్డుతో ఇల్లు చేరినప్పుడు ఉప్పల్, నాచారం వైపు ఎన్ని ఇళ్లలోనో ఒకే తీర్మానం వినిపిస్తుంది: ఈ ఏడు బైబిలంతా చదవాలి. లెక్క కష్టమైనదేమీ కాదు. ప్రొటెస్టెంట్ల బైబిలులో 66 గ్రంథాలు, 1189 అధ్యాయాలు. మామూలు రోజుల్లో మూడేసి, ఆదివారం ఐదు చొప్పున చదివితే ఏడాదిలో అయిపోతుంది. సంక్రాంతి పిండివంటల డబ్బా ఖాళీ అయ్యేలోగా యోసేపు కథ కూడా పూర్తవుతుంది. నెలాఖరుకు ప్రత్యక్ష గుడారపు తెరలు, కమ్ములు, కొలతలు వస్తాయి. జనవరి 28 ప్రాంతంలో లేవీయకాండము మొదలవుతుంది. దహనబలులు, నైవేద్యాలు, కుష్ఠు పరీక్షలు. రిబ్బన్ అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత మనసులో ఒక నేరభావం, వచ్చే డిసెంబర్‌లో మళ్లీ అదే తీర్మానం.

ఇది భక్తి తక్కువై జరిగేది కాదని నా గట్టి నమ్మకం. చదివే తీరులోనే చిక్కు ఉంది. చెవి కోసం పుట్టిన పుస్తకాన్ని మనం కంటితో, ఒంటరిగా, ముగించాలన్న తొందరతో చదువుతున్నాం.

నెహెమ్యా 8వ అధ్యాయం చూడండి. యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట చెక్కతో కట్టిన ఎత్తైన పీఠం మీద నిలబడి, ఎజ్రా తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివి వినిపిస్తాడు. జనం నిలబడే వింటారు. లేవీయులు అర్థం చెబుతుంటే ఏడుస్తారు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన అధికారి రథంలో ఒక్కడే కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. ఏం చదువుతున్నాడో ఫిలిప్పుకు ఎలా తెలిసింది? పైకి చదువుతున్నాడు గనుక వినబడింది. నాలుగో శతాబ్దంలో మిలాన్ బిషప్ అంబ్రోస్ పెదవులు కదపకుండా చదువుతుంటే, అది చెప్పుకోదగ్గ సంగతిగా తోచి అగస్టీన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

మొదటి కీర్తనలో మన తెలుగు బైబిలు ‘ధ్యానించు’ అని చెప్పిన చోట హెబ్రీలో ‘హాగా’ అనే క్రియ ఉంది. ధ్యానం అనగానే మనకు కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోవడం గుర్తొస్తుంది. హాగా అలాంటిది కాదు. యెషయా 31వ అధ్యాయంలో వేటను పట్టిన సింహం దాని మీద గుర్రుమనడానికీ, 38వ అధ్యాయంలో గువ్వ మూలగడానికీ వాడింది ఈ క్రియనే. అంటే గొంతులో కదిలే చప్పుడు. వడ్లు దంచుతూ పాట గొణుక్కున్నట్టు వాక్యాన్ని నోట్లో మెదపడం.

తెలుగు బైబిలు ఈ పనికి చక్కగా తగుతుంది. బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో కూర్చుని 1732 నాటికే బైబిలును తెలుగు చేశాడు గానీ అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారు సువార్తలతో మళ్లీ మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఎన్నో చేతులు మారి, ఎన్నో సవరణలు పొంది, ఇవాళ మన మందిరాల్లో వినబడే గ్రాంథిక పాఠం రూపుదిద్దుకుంది. ‘ఏలయనగా’, ‘ఇదిగో’, ‘నిశ్చయముగా’ వంటి మాటలు మౌనంగా చదివితే కంటికి అడ్డు తగులుతాయి. గొంతెత్తి చదివితే అవే ఊపిరి తీసుకునే చోటు చూపిస్తాయి. వాడుకభాషలో వచ్చిన కొత్త అనువాదాలు మంచివే. అర్థం తెలియనప్పుడు తెరిచి చూసుకోవడానికి పక్కన ఒకటి ఉండాలి. వినడానికి మాత్రం నేను పాతదానికే ఓటేస్తాను.

ఇక ఎంత చదవాలి, ఏ వరసలో చదవాలి అన్నది. డండీ నగరంలో సెయింట్ పీటర్స్ సంఘ కాపరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842 చివర్లో తన సంఘస్థుల కోసం ఒక పట్టిక తయారుచేశాడు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు. ఈ పట్టికలోని అసలు మేలు ఏమిటంటే, జనవరి 1న ఆదికాండముతో పాటు ఎజ్రా, మత్తయి, అపొస్తలుల కార్యములు కూడా మొదలవుతాయి. రోజూ నాలుగు చోట్ల నుంచి తలా ఒక అధ్యాయం. లేవీయకాండము మార్చి చివరికి గాని రాదు, వచ్చినా ఆ రోజుకు అదొక్కటే ఆహారం కాదు. పట్టికతో పాటే దాని ప్రమాదాలనూ ఆయన రాసిపెట్టాడు: మొక్కుబడి చదువు, చదివేశానన్న గర్వం, మోయలేని కాడి. తర్వాతి మార్చిలోనే, ముప్ఫై నిండకుండా, జ్వరంతో కన్నుమూశాడు. ఆ పట్టిక ఇప్పటికీ మన ఫోన్లలో తిరుగుతోంది.

ఏడాదంతా అంటే జంకేవాళ్లకు నెల కొలతలున్నాయి. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు, తేదీకి ఒకటి. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం 150 కీర్తనలను 30 రోజుల ఉదయ సాయంకాలాలకు పంచింది. ఇంకా నిదానంగా నడవాలనుకుంటే, కథోలికుల ఆదివారపు పఠనాలు మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి.

కథోలిక సన్యాసుల సంప్రదాయంలో ‘లెక్షియో డివీనా’ అనే పఠన పద్ధతి తరతరాలుగా నడుస్తోంది. పన్నెండో శతాబ్దపు కార్తూసియన్ సన్యాసి రెండో గీగో దీన్ని నాలుగు మెట్ల నిచ్చెనగా చెప్పాడు. ముందు చదవడం. తర్వాత మనసును పట్టుకున్న మాట దగ్గర ఆగి దాన్నే నెమరేయడం. ఆ మాటతోనే ప్రార్థించడం. చివరికి మాటలు మాని ఊరకే దేవుని సన్నిధిలో ఉండటం. ప్రొటెస్టెంటు ఇంట్లో పెరిగిన నాకు ఇది ఆలస్యంగా అందింది. మూడు అధ్యాయాలు గబగబా చదివే రోజుల మధ్య, వారానికి ఒక్కరోజైనా ఐదారు వచనాల దగ్గర కూర్చోవడం దీనివల్లే అలవాటైంది.

పెన్సిల్ కూడా పట్టుకోవాలి. పౌలు పత్రికల్లో ‘కాబట్టి’ కనబడిన ప్రతిచోటా సున్నా చుట్టండి. రోమా పత్రిక 12వ అధ్యాయం ఆ మాటతోనే మొదలవుతుంది. పదకొండు అధ్యాయాల వాదన బరువంతా మోసేది అదే. అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినదనీ, కొత్త నిబంధనలోని ఇప్పటి వచన సంఖ్యలు 1551లో రాబేర్ ఎస్తియెన్ వేసినవనీ తెలిశాక, పౌలు ఉత్తరాన్ని ఉత్తరంలాగే మొదటి నుంచి చివరి దాకా ఒక్క కూర్చున్నపాటున చదవాలనిపిస్తుంది.

వేళ విషయంలో ఒక మాట. వాక్యధ్యానానికి తెల్లవారుజామే సరైన వేళ అని ప్రసంగాల్లో తరచూ వింటాం. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషికి ఆ మాట చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది. మా నాయన షిఫ్టు మారిన ప్రతి వారం చదివే వేళ కూడా మార్చుకునేవాడు. అన్నం తిన్నాక, పడుకునే ముందు, కిటికీకి దుప్పటి కట్టుకుని. ఉప్పల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కే మా చెల్లెలు చెవిలో ఆడియో బైబిలు పెట్టుకుంటుంది. స్టేడియం, ఎన్జీఆర్ఐ, హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ దాటేలోగా ఆమెకు రెండు మూడు కీర్తనలు అవుతాయి. రోజు తప్పితే బాకీ తీర్చకండి. నాలుగు రోజుల పన్నెండు అధ్యాయాలు ఒక్క రాత్రి మింగడం కంటే, ఇవాళ్టి తేదీకి ఏముందో అది తెరవడం మేలు. తప్పినవి వచ్చే ఏడు ఎలాగూ ఎదురొస్తాయి.

మా ఇంట్లో తెల్ల అంచుకు మొదటి మరక పడింది ఒక ఫిబ్రవరి మొదటి వారంలో. నల్లగొండ పల్లె నుంచి వచ్చి మాతో ఉన్న నాయనమ్మకు చదువు రాదు. కంటిచూపు తగ్గాక, రాత్రి అన్నాలయ్యాక ఆమెకు చదివి వినిపించడం నా వంతైంది. ఆ రోజు లేవీయకాండము 19. త్వరగా ముగిద్దామని వేగంగా పోతున్నాను. పొలం కోసేటప్పుడు ఓరల దాకా పూర్తిగా కోయొద్దనీ, రాలిన పరిగె ఏరుకోవద్దనీ, అది బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలనీ చెప్పే చోట ఆమె చెయ్యెత్తింది.

“ఆగు బిడ్డా. పరిగె అన్నవా?”

మళ్లీ చదివాను. కోత అయిపోయిన మళ్లలో పడుచుతనంలో తను పరిగె ఏరిన సంగతి చెప్పింది. కొందరు ఆసాములు ఏరుకోనిచ్చేవాళ్లట, కొందరు ఒళ్లో ఏరుకున్న వెన్నుల్ని కింద గుమ్మరించి పొమ్మనేవాళ్లట. చెప్పి, కాసేపు ఊరుకుంది.

“ఇది దేవుని మాటల్నే ఉన్నదా? ఇన్నేండ్లు గుడికి పోయిన, ఎవ్వరు సదివి చెప్పలేదేందిరా?”

మరునాడు వరస పక్కనపెట్టి రూతు తెరిచాను. నాలుగే అధ్యాయాలు. మోయాబు కోడలు పరిగె ఏరడానికి బయల్దేరిన చోట నాయనమ్మ కళ్లు మూసుకునే వింటోంది. పనల్లోంచి కావాలనే కొన్ని పిడికెళ్లు లాగి ఆమె కోసం పడెయ్యమని బోయజు పనివాళ్లకు చెప్పిన చోటికి వచ్చేసరికి మంచం మీద లేచి కూర్చుంది.