ఇంట్లో ఆపరేటర్ ఎవరు?

సినిమా హాలుకూ ఇంట్లోని తెరకూ ఉన్న తేడాను సాధారణంగా పరిమాణంతోనే కొలుస్తారు. భారీ సినిమాను హాల్లో చూడాలని, చిన్న సినిమా ఓటీటీలోకి వచ్చేదాకా ఆగవచ్చని తెలుగు ప్రేక్షకుల్లో ఒక అభిప్రాయం స్థిరపడింది. టికెట్టు ధర, పార్కింగు రుసుము, ఇంటర్వెల్లో పిల్లలకు కొనిపెట్టే పాప్‌కార్న్ ఖర్చు కలిపి లెక్క వేసుకునే కుటుంబానికి ఆ అభిప్రాయం సబబుగా తోచడం సహజమే. అయితే తెర వైశాల్యం ఈ రెండు వీక్షణల మధ్య ఉన్న అనేక భేదాల్లో ఒకటి మాత్రమే. హాల్లో ప్రేక్షకుడి తరఫున ఇతరులు చేసిపెట్టే పనులు కొన్ని ఉంటాయి. ఇంట్లో అవన్నీ అతని మీదే పడతాయి, కానీ అవి తన మీద పడ్డాయన్న స్పృహ చాలామందికి ఉండదు.

ఆ పనులు చేసే వ్యక్తిని తెలుగునాట ఆపరేటర్ అంటారు. ప్రేక్షకుల వెనక, గోడలోని చిన్న కిటికీకి అవతల ఉండే క్యాబిన్‌లో పనిచేసే ఈ మనిషి, రీళ్ల కాలంలో దీపంలోని కర్బన కడ్డీలు కాలిపోతున్నకొద్దీ వాటిని సర్దుతూ, ఒక ప్రొజెక్టర్‌లో రీలు ముగిసే క్షణానికి రెండోది అందుకొనేలా నడుపుతూ, బొమ్మ మసకబారితే ఫోకస్ సరిచేస్తూ ఆట ముగిసేదాకా మెలకువగా ఉండేవాడు. ఇప్పుడు డీసీపీ, అంటే బొమ్మనూ ధ్వనినీ థియేటర్ ప్రమాణాలకు తగినట్టుగా భద్రపరచిన డిజిటల్ ఫైళ్ల సముదాయం, నేరుగా సర్వర్‌లోకి చేరుతున్నందున అతని శ్రమ తగ్గింది గాని, దీపాలు ఎప్పుడు ఆర్పాలి, ధ్వని ఏ స్థాయిలో ఉండాలి, బొమ్మ తెర అంచులకు సరిగ్గా అమరిందా లేదా అన్నవి కనిపెట్టుకొని ఉండవలసిన బాధ్యత తగ్గలేదు.

ఈ పనుల్లో మొదటిది చీకటిని కాపాడటం. 1957లో విడుదలైన ‘మాయాబజార్’కు ఛాయాగ్రహణం అందించిన మార్కస్ బార్ట్లే వెన్నెల దృశ్యాల చిత్రణకు ప్రసిద్ధుడు. ఆ చిత్రంలోని నౌకావిహారంలో వెన్నెల భ్రమ అంతా నలుపుకూ తెలుపుకూ నడుమ ఉండే బూడిదరంగు ఛాయల మీదే ఆధారపడి ఉంటుంది. నీటి మీది మెరుపు వెన్నెలలా కనిపించాలంటే దాని చుట్టూ ఉన్న చీకటి నిజంగా చీకటిగా ఉండి తీరాలి. ఇవాళ్టి డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం హాలు తెర మీది తెలుపు 48 నిట్లు మాత్రమే. నిట్ అంటే ఒక చదరపు మీటరు తలం నుంచి వెలువడే కాంతి తీవ్రతకు కొలమానం. ఇంటి టీవీలు వందల నిట్ల వెలుగును ఇవ్వగలవు కాబట్టి హాల్లో లభించేది కొద్దిపాటి కాంతే అనిపిస్తుంది గాని, చుట్టూ చీకటి ఉన్నందువల్ల కంటికి అదే సరిపోతుంది. దుకాణంలో కొనుగోలుదారును ఆకర్షించడానికి రూపొందించిన ‘వివిడ్’ అమరికను మార్చకుండా, ట్యూబులైటు వెలుగులో అదే నౌకావిహారాన్ని చూసినప్పుడు, గది వెలుతురు టీవీ అద్దం మీద పడి నలుపు పాలిపోతుంది, తెలుపు మితిమీరుతుంది, వెన్నెల పగటివెలుతురుగా మారుతుంది.

రెండోది కదలికకు సంబంధించినది. సినిమాను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. చాలా టీవీలు రెండు ఫ్రేముల మధ్య తాము ఊహించి తయారుచేసిన అదనపు ఫ్రేములను చొప్పించి కదలికను నునుపు చేస్తాయి. మోషన్ స్మూతింగ్ అనే ఈ ప్రక్రియ క్రికెట్‌కు మేలు చేస్తుందేమో గాని, సినిమాకు వీడియోలో తీసిన సీరియల్ వాలకాన్ని తెచ్చిపెడుతుంది. దాన్ని ఆపేయమని హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ 2018లో ఒక వీడియో ద్వారా ప్రేక్షకులను కోరారు. ఆ మరుసటి ఏడాదే ఇటువంటి మార్పులన్నిటినీ ఒక్క మీటతో తొలగించే ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ప్రకటన వెలువడింది. ఇంట్లో కూర్చునే దూరాన్ని చూసుకోవడం కూడా ఆపరేటర్ పనిలో భాగమే. 55 అంగుళాల టీవీ చూపులో 30 డిగ్రీల మేర ఆక్రమించాలంటే ప్రేక్షకుడు సుమారు ఏడున్నర అడుగుల దూరంలో కూర్చోవాలి; సోఫాను ఎదుటి గోడకు ఆనించిన పెద్ద గదుల్లో ఆ దూరం ఇంచుమించు రెట్టింపవుతుంది.

అన్నిటికన్నా లోతైన మార్పు కాలానికి సంబంధించినది. హాల్లో కాలం సినిమా అధీనంలో ఉంటుంది; ఒకసారి మొదలైన ఆట ఎవరి కోసమూ ఆగదు, చూడకుండా వదిలేసిన దృశ్యం తిరిగి రాదు, అందువల్ల మెల్లగా సాగే దృశ్యాన్ని కూడా ప్రేక్షకుడు దాని నడకలోనే స్వీకరిస్తాడు. ఇంట్లో కాలం రిమోట్ పట్టుకున్న చేతిలో ఉంటుంది. వెంకటేష్ మహా దర్శకత్వంలో 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ ఈ భేదాన్ని స్పష్టంగా చూపగలదు. విశాఖపట్నంలోని కంచరపాలెం నేపథ్యంగా, స్థానికులనే ఎక్కువగా నటులుగా తీసుకొని నిర్మించిన ఆ చిత్రంలో నాలుగు ప్రేమకథలు విడివిడిగా నడిచి చివర్లో ఒక్కచోట కలుస్తాయి. నాలుగింటినీ మనసులో ఒకేసారి నిలుపుకొని వచ్చిన ప్రేక్షకుడిని ఆ కలయిక కదిలిస్తుంది. భోజనాల తర్వాత రోజుకు అరగంట చొప్పున చూసినవారికి అది కథలోని ఒక మలుపుగా తెలుస్తుందే తప్ప గుండెకు తగలదు. ‘బాహుబలి’లోని యుద్ధఘట్టానికి ఇంత ప్రమాదం లేదు, ఎందుకంటే అటువంటి ఘట్టం తనంతట తానుగా నిలబడగల ఆకర్షణను తనలోనే ఇముడ్చుకొని ఉంటుంది. భారీ సినిమా హాలుకు, చిన్న సినిమా ఇంటికి అన్న సూత్రం తారుమారయ్యేది ఇక్కడే: భారీతనం అంతరాయాలను తట్టుకుంటుంది, నెమ్మదితనం తట్టుకోలేదు. అందువల్ల హాలు ఇచ్చే రక్షణ అవసరం చిన్న సినిమాకే ఎక్కువ.

దీన్నిబట్టి ఇంటి వీక్షణను తక్కువ చేయడం న్యాయం కాదు. మెట్లెక్కలేని వృద్ధులకు, చంటిపిల్లల తల్లులకు, తెలుగు సినిమా ఆడని ఊళ్లలో నివసించే ప్రవాసులకు ఇంటి తెరే ఏకైక ఆధారం. హాళ్లు మూతపడిన 2020లో నేరుగా ‘ఆహా’ ఓటీటీలో విడుదలైన ‘కలర్ ఫోటో’ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. ఒక షాటును ఆపి, వెనక్కి తిప్పి, కెమెరా ఎక్కడుందో, కత్తెర ఎక్కడ పడిందో పరిశీలించే అవకాశం ఒకప్పుడు ఎడిటింగ్ గదిలోని వారికే ఉండేది. ఇప్పుడు అది ప్రతి విద్యార్థికీ అందింది. ఇంటి తెర నేర్పగల ఈ పాఠాన్ని హాలు నేర్పలేదు.

కాబట్టి రెండు చోట్లా అవసరమైనది శ్రద్ధ ఒక్కటే, దాన్ని నిలబెట్టే విధానమే వేరు. మొదటిసారి చూడటం హాల్లో, మళ్లీ మళ్లీ పరిశీలించడం ఇంట్లో జరిగితే రెండింటి బలాలూ సినిమాకు అందుతాయి. ఇంట్లోనే మొదటిసారి చూడవలసి వచ్చినప్పుడు, దీపాలు ఆర్పి, టీవీ అమరిక సరిచేసి, ఫోను మరో గదిలో ఉంచి, ఒక వేళ నిర్ణయించుకొని, ఇంటర్వెల్ దాకా ఆపకుండా చూడటం ఆపరేటర్ బాధ్యతను మనస్ఫూర్తిగా స్వీకరించడం అవుతుంది. ఎంత శ్రద్ధ వహించినా ఇంటికి తెచ్చుకోలేనిది ముక్కూమొహం తెలియని వందలాది మందితో కలిసి నవ్వడం, కలిసి ఊపిరి బిగబట్టడం. ఆ అనుభవాన్ని పెద్ద తారల సినిమాలకే పరిమితం చేయకుండా, మొదటి వారంలోనే చిన్న సినిమాకు టికెట్టు కొనే ప్రేక్షకులు ఉన్నంతకాలం తెలుగునాట హాలుకూ, దాని తెర మీద నెమ్మదిగా కథ చెప్పగల దర్శకుడికీ చోటు ఉంటుంది.